మూడు తాలూకాలు తిరిగిన నీరుగంటి గొంతు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఉగాది వెళ్ళిన వారానికి, నన్ను చిక్కబళ్ళాపురం జిల్లా ఆఫీసు నుంచి బాగేపల్లికి తాలూకా కోఆర్డినేటరుగా వేశారు. మాది స్వచ్ఛంద సంస్థల నెట్‌వర్కు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఎవరికి వారుగా ఉన్న చిన్న చిన్న సంస్థలు ఒకే పని కోసం చేతులు కలిపాయన్న మాట. ఆ పనిలో రెండు భాగాలు. పద్దెనిమిదేళ్ళు దాటిన పిల్లలను గ్రామసభకు రప్పించి, అక్కడ లేచి నిలబడి ప్రశ్న అడిగేటట్టు చేయడం ఒకటి. చేతిలో ఉన్న ఫోనుతో పాటు వచ్చే హక్కులూ బాధ్యతలూ నేర్పడం రెండోది. ఎవరి ఫోటో గాని, గొంతు గాని, ఆధార్ నంబరు గాని వాళ్ళను అడగకుండా తీసుకోకూడదు, అడగకుండా ఇంకొకరికి పంపకూడదు. ఈ అడిగి ఒప్పించుకోవడాన్ని మా వైపు అందరూ కన్నడ మాటతోనే ‘ఒప్పిగె’ అంటారు. మా ఆరు పాఠాల్లో నాలుగోది ఒప్పిగె. ఆ పాఠం చెప్పడంలో నాకు మంచి పేరుండేది. ఇప్పుడు చెప్పబోయే సంగతి ఆ మంచి పేరుకు సంబంధించిందే.

మా అంతస్తులు కూడా చెప్పాలి. ఊరికొక యువబృందం ఉంటుంది. నాలుగైదు ఊళ్ళకు ఒక ఫెసిలిటేటరు. వాళ్ళందరి మీద తాలూకా కోఆర్డినేటరు, ఆ పైన జిల్లా కోఆర్డినేటరు, అందరికీ పైన బెంగళూరు ఆఫీసు. తాలూకాలో ఏ మంచి జరిగినా రాయవలసింది, ఏ చెడు జరిగినా సంతకం పెట్టవలసింది నేనే.

నేను బడికి పోయినదాన్ని కాదు. తొండేభావిలో చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి మంచాన ఉంటే, మా అమ్మ ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది. తెలుగు ఆమె నేర్పింది, కన్నడ మా నాన్న నేర్పాడు, లెక్కలు ఇద్దరూ కలిసి తప్పులతో నేర్పారు. ఎస్సెస్సెల్సీ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఇంటి చదువులో ఒక సుఖం ఉంది. అర్థం కాకపోతే అప్పటికప్పుడే, పప్పు రుబ్బుతున్న అమ్మను ఆపి అడగొచ్చు. నాకు అన్నం పెట్టిన ఉద్యోగం కూడా నలుగురి చేత అడిగించే ఉద్యోగమే కావడం దేవుడి దయ అనుకుంటాను.

బాగేపల్లికి కొంత దూరంలో ఒక పంచాయితీ ఉంది. ఆ ఊరి నీరుగంటి పేరు గంగులప్ప. నీరుగంటి అంటే పంచాయితీ తరఫున ట్యాంకు నింపి, వీధివీధికీ వాల్వు తిప్పి నీళ్ళు వదిలే మనిషి. యాభై దాటినవాడు, సన్నగా, ఎప్పుడూ భుజం మీద పెద్ద స్పానరుతో ఉంటాడు. మా జిల్లాలో చాలా చోట్ల నీరుగంటికే ఇంకో పని కూడా అప్పజెబుతారు. గ్రామసభ జరగాలంటే నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే చాలదు, ఊళ్ళో చాటించాలి. గంగులప్ప ఒక పాత స్టీలు తట్ట తీసుకొని, దాన్ని ఆ స్పానరుతోనే ఠంగుఠంగుమని కొట్టి అరిచేవాడు. అతని గొంతు వింటే దొడ్లో పశువులు కూడా తల ఎత్తేవి.

ఆ శ్రావణంలో గ్రామసభ వచ్చింది. మా బృందాలకు ఇచ్చిన అభ్యాసం ఏమంటే, సభ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసేటట్టు ఏదైనా ఒక పని చేసి చూపించాలి. ఆ ఊరి బృందంలో మౌనిక అనే అమ్మాయి ఉండేది. బాగేపల్లిలో బీకాం చదువుతోంది, చురుకైనది. గంగులప్ప తమ ఇంటి ముందు అరుస్తూ ఉంటే మేడ మీద నుంచి ఫోనులో గొంతు పట్టి, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ మాటలు నాకింకా కంఠతా ఉన్నాయి.

“వినండప్పో! రేపు పొద్దున పది గంటలకు పంచాయితీ ఆఫీసు ముందర గ్రామసభ ఉండాది! ఇల్లు లేనోళ్ళు, సైటు లేనోళ్ళు అందరూ రావల్ల! పేర్లు ఆడనే రాస్తారు! రాకుంటే మళ్ళా నన్నడగద్దు!”

సభకు మనుషులు కూర్చోను చోటు లేనంతగా వచ్చారు. పంచాయితీ అభివృద్ధి అధికారి, అంటే పీడీవో, కుర్చీలు చాలక ప్రైమరీ స్కూలు నుంచి బెంచీలు తెప్పించాడు. నాకు పట్టరాని సంతోషం. ఆ సాయంత్రం దీపం పెట్టి, దండం పెట్టుకొని, ఫోను తీసి, మౌనిక పట్టిన గొంతును మూడు తాలూకాల కోఆర్డినేటర్లం ఉన్న గ్రూపులోకి పంపాను. కింద, ‘మా బాగేపల్లి పిల్లలు ఎంత బాగా చేశారో వినండి’ అని రాశాను.

వాళ్ళూ మెచ్చుకున్నారు. తమ పిల్లలకు మాదిరిగా ఉంటుందని పంపారు. పిల్లలు ఇళ్ళకు పంపారు. నేను రాసిన మాట మా గ్రూపులోనే ఉండిపోయింది. గొంతు ఒక్కటే ముందుకు పోయింది.

గంగులప్ప తన ఊళ్ళో నిలబడి తన ఊరివాళ్ళతో చెప్పిన మాటలు అవి. ఊరి పేరు, తారీఖు ఆ మాటల్లో లేవు. ఆయనకు వాటి అవసరం ఎన్నడూ రాలేదు. ఇప్పుడు ఆ గొంతు ఏ ఊళ్ళో వింటే ఆ ఊరి సభ అయింది, ఏ రోజు వింటే దాని మర్నాటికి సభ అయింది.

మూడో రోజు చిక్కబళ్ళాపురం తాలూకా పేరేసంద్ర పక్కన ఒక పంచాయితీ ఆఫీసు ముందు ఒక గుంపు చేరి, బిల్ కలెక్టరు ‘ఏమీ లేదు పొండి’ అంటే నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. అయిదో రోజు మాత్రం చింతామణి వైపు ఒక పంచాయితీలో నవ్వుకునే పరిస్థితి లేదు. టమాటా కోతలు వదిలి, పట్టు పురుగులకు ఆకు వెయ్యడం మానుకొని, చంకల్లో పిల్లలతో ఆడవాళ్ళు వచ్చేశారు. ఆధార్ జిరాక్సులు కూడా తెచ్చుకున్నారు. అక్కడి పీడీవోకు ఏ సభ సంగతీ తెలియదు. ఎంత చెప్పినా వాళ్ళు నమ్మలేదు. ఆయన చెప్పేదొకటి, ఫోనులో గొంతు చెప్పేదొకటి. గొంతే గట్టిగా ఉంది మరి.

ఆయన ఫిర్యాదు రాశాడు. ఆ గొంతు ఫలానా ఊరి నీరుగంటిదని ఎవరో పోల్చారు, వాళ్ళ ఆడబిడ్డను ఆ ఊరికే ఇచ్చారట. ఫిర్యాదు బాగేపల్లి తాలూకా పంచాయితీకి వచ్చింది. అక్కడి కార్యనిర్వహణాధికారి, మేమంతా ఈవో అనేవాళ్ళం, గంగులప్పకు సంజాయిషీ నోటీసు పంపారు. సుళ్ళు సమాచారం, అంటే అబద్ధపు వార్త, ఎందుకు పుట్టించావో వచ్చి చెప్పమని.

నోటీసు అనేది ఎవరికైనా చిక్కే. గంగులప్పకు అది ఎక్కువ చిక్కు. పదకొండేళ్ళుగా వాల్వు తిప్పుతున్నా ఆయన ఉద్యోగానికి జిల్లా పంచాయితీ అనుమోదన, అంటే ఆమోదం, రాలేదు. అనుమోదన లేనివాణ్ణి ఎప్పుడైనా రావద్దనవచ్చు. ఆ ఫైలు ఆ నెలలోనే జిల్లాకు పోయింది. ఫైలులో ఒక్క ఫిర్యాదు చేరితే అది వెనక్కి తిరిగి వస్తుందని వాళ్ళ పీడీవో నాతో మెల్లగా చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే మౌనికను వెంటబెట్టుకొని పోయాను. గంగులప్ప ట్యాంకు కింద వాల్వు గుంతలో నడుము లోతు దిగి ఉన్నాడు. నోటీసు చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టి ఉంది. తీసి నా చేతికిచ్చాడు.

“సదువుమ్మా. మా పీడీవో సదివితే నాకు చెమట పట్టె, ఏమీ ఎక్కలే.”

చదివి చెప్పాను.

“నేను చింతామణికి పోయిందే ఒకసారి, టమాటా బండిలో. ఆడికి పోయి నేను యాల అరుస్తానమ్మా?”

ఆయనది బటన్ల ఫోను. తన గొంతు ఊళ్ళన్నీ తిరిగిందని ఎవరో అంటే ఎగతాళి అనుకున్నాడట. నేను ఫోను తీసి వినిపించాను. స్పానరు పక్కన పెట్టి, చెవి దగ్గరికి తెచ్చుకొని విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మూడుసార్లు విన్నాడు.

“ఇది నా గొంతా? మా నాయన మాట్లాడినట్లే ఉండాదే!” అని ఫోను నా చేతికిచ్చి, “బాగానే అరిసినా. ఎవురు పట్టినారు దీన్ని?” అన్నాడు.

మౌనిక తల వంచుకొనే, “నేనే మామా. మేడ మీద నుంచి,” అంది.

“అడిగింటే ఇంకా గట్టిగా అరుస్తా ఉంటి కదమ్మా!”

ఆయన నిజంగానే అన్నాడు. మౌనికకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తప్పు పిల్ల మీద వేసి నేను పక్కకు నిలబడితే దేవుడు మెచ్చడు. ఊళ్ళోనే ఉన్నదాన్ని తాలూకా దాటించింది నేనేనని చెప్పాను. గంగులప్ప నన్ను కింద నుంచి మీదికి చూశాడు.

“మీరు పిల్లోళ్ళకు నేర్పించేదే, అడగల్ల అని కదమ్మా?”

అన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంత సూటిగా పరీక్ష చేసిన ఇన్‌స్పెక్టరు ఇంకొకరు లేరు.

మా పనివల్ల ఎవరికైనా నష్టం కలిగితే ఆ రోజే ఒక ఘటన పత్రం రాసి పైకి పంపాలని మా నియమం. అందులో ‘ఎవరి వలన’ అనే గడి ఉంటుంది. అక్కడ నా పేరు రాశాను. బెంగళూరు ఆఫీసు వెంటనే స్పందించింది, కాదనను. ప్రచారం చూసే అబ్బాయి ఒక బొమ్మ తయారుచేసి పంపాడు. గంగులప్ప మాటలు రాసి, వాటి మీద అడ్డంగా ఎర్రటి అక్షరాల్లో ‘నకిలీ’ అని ముద్ర. అన్ని గ్రూపుల్లో పెట్టమన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఆ మాట నకిలీ ఎట్లా అవుతుంది? ఆయన చెప్పింది చెప్పిన చోట, చెప్పిన రోజున అక్షరాలా నిజం. ఒకసారి ఆ గొంతు మీద నకిలీ అని ముద్ర పడితే, రేపు సొంత ఊళ్ళో సభ అన్నా, పోలియో చుక్కలన్నా, నీళ్ళు రావన్నా ఎవరూ నమ్మరు. పైగా ఈవో టేబులు మీదికి ఆ బొమ్మ పోతే, ఫిర్యాదు నిజమేనని మేమే ఒప్పుకున్నట్టు. ఆ గొంతును సరిదిద్దగలిగింది ఆ గొంతే అని చెప్పాను. ఫోనులో ఆ అబ్బాయి, “మేడమ్, మరి ఆయన ఒప్పిగె?” అన్నాడు. అప్పటికి ఆఫీసులో అందరికీ ఒప్పిగె బాగా గుర్తొచ్చింది.

ఈసారి అడిగాం. గంగులప్ప ఒప్పుకోలేదు.

“ఒగసారి అరిస్తేనే తాలూకా నుంచి కాగితం వచ్చె. ఇంకోసారి అరిస్తే విధానసౌధ నుంచే వస్తాది. నన్ను గమ్మునుండనీండమ్మా.”

మౌనిక పోలేదు. వాల్వు గుంత గట్టు మీద కూర్చుంది. గంట తర్వాత ఆయనే మెత్తబడ్డాడు, కాని ఒక షరతు పెట్టాడు. మర్నాడు మోటారు మరమ్మతు, నీళ్ళు రావని ఊళ్ళో చాటాలి. తట్ట పట్టుకొని మౌనిక కూడా అరవాలి. అప్పుడు చూద్దామన్నాడు.

నేనూ వెనకాల నడిచాను. మొదటి వీధిలో మౌనిక గొంతు తనకే వినపడలేదు. అరుగు మీద వక్కాకు వేసుకుంటున్న ముసలమ్మ, “ఏమే మౌనికా, బీకాం సదివి నీరుగంటి అయినావా? మంచిదే, మా కొళాయికి రెండు బిందెలు ఎక్కువిడువు!” అంది. వీధంతా నవ్వింది. ఆ నవ్వుతో పిల్లకు ధైర్యం వచ్చింది. రెండో వీధిలో గట్టిగానే అరిచింది. అరిచి ముందుకు పోబోయింది.

“నిలువు, యాడికి పోతాండావ్?” అని గంగులప్ప ఆపాడు. “ఇంకా ఎవురూ అడగలేదు.”

“ఏం అడగల్ల మామా?”

“ఏందో ఒకటి అడుగుతారు, ఉండు.”

నిలబడ్డారు. ఒకామె బయటికి వచ్చి, “మా వీధికేనా, అందరికీనా?” అంది. అందరికీ అని ఆయన చెప్పాడు. లోపలి నుంచి ఎవరో, “ఎల్లుండైనా వస్తాదా?” అన్నారు. వస్తుందన్నాడు. అప్పుడు కదిలాడు.

“ఎవురూ తిరిగి అడగలేదంటే వినలేదని లెక్క. మళ్ళా అరవల్ల,” అని మౌనికతో అన్నాడు. తట్ట కొట్టుకుంటూ, అదేమీ పెద్ద సంగతి కానట్టు.

నేను ఆ వీధి మలుపులోనే ఆగిపోయాను. ఆయన అరుపులో ఊరి పేరు, తారీఖు ఎందుకు ఉండవో అప్పుడు తెలిసింది. అరుపు ఆయన పనిలో సగమే. మిగతా సగం వీధివాళ్ళ ప్రశ్న, దానికి ఆయన జవాబు. మేము ఆ మొదటి సగాన్ని కోసి ఊళ్ళకు పంపాం. చింతామణి ఆడవాళ్ళు ఆ ఫోనును ఎన్నిసార్లు ‘ఏ ఊళ్ళో?’ అని అడిగినా, అది ‘వినండప్పో’ అని మొదటి నుంచి మొదలుపెడుతుంది తప్ప జవాబు చెప్పదు.

నాలుగో వీధి అయ్యాక గంగులప్ప ఫోను ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాలో మేం రాసిన కాగితం వద్దన్నాడు. మౌనిక ఒప్పిగె పత్రం చదివి వినిపించి, వేలిముద్ర కాదు, ఆయన కోరినట్టు సంతకమే తీసుకుంది. ఆయన చెప్పింది ఇది.

“వినండప్పో! నేను బాగేపల్లి తాలూకా నీరుగంటి గంగులప్ప. పోయిన వారం నేను అరిసింది మా ఊరికి. ఆ సభ అయిపాయె. మీ ఊరి సభ ఎప్పుడో మీ పంచాయితీకి పోయి అడగండి. వాళ్ళు చెప్పల్ల, అది వాళ్ళ పని. మీరు అడగకుంటే మళ్ళా నన్నడగద్దు!”

దాన్ని అదే దారిలో పంపాం. మొదటిది పోయినంత దూరం ఇది పోలేదు, దిద్దుబాటు ఎప్పుడూ అంత వేగంగా పోదు. పోయినంతవరకు పనిచేసింది.

విచారణ రోజు పొద్దున గడిదం గుడికి పోయి వచ్చి, మేం ముగ్గురం తాలూకా పంచాయితీ మెట్లెక్కాం. గంగులప్ప స్పానరు తెచ్చాడు. ఎందుకంటే, అది లేకపోతే భుజం తేలికగా ఉండి భయమేస్తుందన్నాడు. నేను రాసిచ్చిన వాంగ్మూలంలో గొంతు ఎవరిది, ఎవరు పట్టారు, ఎవరు తాలూకా దాటించారు అన్నది వరుసగా ఉంది. మౌనిక తనది కన్నడలో వేరుగా రాసింది. ఈవో రెండూ చదివి, రెండో గొంతు కూడా విన్నారు. ‘అది వాళ్ళ పని’ అన్నచోట ఆయన మీసం కదిలింది.

చింతామణి వైపు పీడీవో కూడా వచ్చాడు. ఆ రోజు ఎంతమంది వచ్చారు, ఎంతసేపున్నారు అని ఈవో అడిగారు. మధ్యాహ్నం దాకా ఉన్నారని, సభ లేదంటే మెట్ల మీదనే కూర్చొని ‘ఎప్పుడు పెడతారో రాసియ్యండి’ అని పట్టుబట్టారని, తారీఖు రాసిస్తే గాని లేవలేదని ఆయన చెప్పాడు. అంతకు ముందు సభ ఎప్పుడు జరిగిందని ఈవో అడిగారు. పీడీవో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఈవో ఇంకేమీ అడగలేదు. నోటీసు తెప్పించి, దాని మీద ‘ముక్తాయ’ అని రాసి సంతకం పెట్టారు. ముక్తాయ అంటే ఆ విషయం అక్కడితో ముగిసినట్టు. ఫిర్యాదు జిల్లా ఫైలులో చేరకూడదని గుమాస్తాకు వేరుగా చెప్పారు.

బయట వరండాలో ఆ పీడీవో గంగులప్పను పిలిచాడు. ఫిర్యాదు రాసినందుకు నొచ్చుకున్నాడేమో అనుకున్నాను.

“ఏమప్పా, వచ్చే వారం మా సభ ఉండాది. మా ఊరి పేరు, తారీఖు పెట్టి ఒకటి చెప్తావా? మావాళ్ళు నీ గొంతయితే వస్తారు.”

“మీ ఊర్లో నీరుగంటి లేడా సార్?” అన్నాడు గంగులప్ప, చాలా మర్యాదగా.

అనుమోదన దసరా తరువాత వచ్చింది. ఆ రోజు ఆయన ఊళ్ళో నీళ్ళు ఒక అరగంట ఎక్కువ వదిలాడని మౌనిక ఫోను చేసి చెప్పింది. నేను దేవుడి ముందు ఇంకొక దీపం పెట్టాను. నాలుగో పాఠంలో మాకొక కొత్త పేజీ చేరింది. ఎవరి గొంతునైనా పంపే ముందు, అది వినేవాళ్ళకు సందేహం వస్తే ఎవరిని అడగాలో దానితో పాటు ఉందా అని చూసుకోవాలి. లేకపోతే పంపకూడదు. ఆ పేజీ రాసింది నేనయినా, అది చెప్పింది గంగులప్ప.

పదవీ విరమణ అయ్యాక ఇది రాయాలనిపించి, మౌనికను ఫోనులో అడిగాను, సరేనంది. గంగులప్పను ఊరికి పోయి అడిగాను. మొత్తం చదివి వినిపించమన్నాడు. విని, “రాసుకోమ్మా, నా పేరు పెద్దగా ఎయ్యి. ఊరి పేరు మాత్రం వద్దు, మళ్ళా జనాలొస్తారు,” అన్నాడు.

అందుకే ఊరి పేరు రాయలేదు. పిలుపైనా, ఒప్పిగె అయినా, అవతలి మనిషి నుంచి మాట తిరిగి వచ్చేదాకా పూర్తి కాదు. ఆ మాట వచ్చాక దాని ప్రకారం నడవాలి. నా ఉద్యోగంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇది.